పసుపు మూటతోని సిరిసిల్ల దాక

జరుగుండ్రి బిడ్డా, ఇంకింత దగ్గరికి జరుగుండ్రి. చేతుల పనుంటే చేతులనే ఉండనియ్యుండ్రి. బీడీలు చుట్టుకుంట ఇన్నా సరే, చిక్కుడుకాయ తుంచుకుంట ఇన్నా సరే, చెవులు మాత్రం నాకియ్యుండ్రి. నేను మూడో తరగతి దాక సదివినదాన్ని. కాయితం మీద పెడుతున్న గని, మీ పక్కన కూసుండి చెప్తున్నట్టే అనుకోండ్రి. ఒత్తు తప్పుతదేమో, దీర్ఘం తప్పుతదేమో, నేను కండ్లార సూసింది మాత్రం తప్పదు.

కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల తొవ్వ మీరు గిప్పుడు పోయి ఉంటరు. గా రోజులల్ల పోయి ఉండరు. గా రోజులు ఎసొంటియంటే, పగటిపూట జీపులల్ల పోలీసులొచ్చి అడిగేటోళ్ళు, పొద్దూకినంక అడివికెల్లి అన్నలొచ్చి అడిగేటోళ్ళు. ఇద్దరడిగేది ఒక్కటే మాట: "మీ ఇంటికి ఎవలొచ్చి పోతుండ్రు?" మేం చెప్పేది గూడ ఒక్కటే మాట: "ఎవల్లేరు సారూ." "ఎవల్లేరు అన్నా." గాజులమ్మేటామె అస్తే గూడ మొఖం తేరిపార సూసినంకనే చెయ్యి సాపేటోళ్ళం. గసొంటి కాలంల నేను, నా తమ్ముడు రాజేశం ఇల్లు దాటి ఆరు రోజులు తిరిగొచ్చినం. వాడు సైకిల్ మీద, నేను బస్సుల. నా ఒడిల ఒక పసుపు మూట.

ఎల్లకముందు

మాది ఇబ్రహీంపట్నం దిక్కు ఊరు. మేం గౌండ్లోళ్ళం, తాటిచెట్లు గీసి కల్లు దించుడు మా తాతల నాటి పని. మా ఇండ్లల్ల ఒక కట్టున్నది: చెట్టు మీదున్నోన్ని కిందికెల్లి పేరు వెట్టి పిలువద్దు. పిలిస్తే మెడ తిప్పుతడు. మెడ తిరిగితే నడుం తిరుగుతది. నడుం తిరిగితే మోకు జారుతది. మోకంటే చెట్టును, మనిషి నడుమును కలిపి చుట్టుకునే లావు తాడు. పానమంత దాని మీద్నే.

గా కట్టు తప్పింది నేనే.

శివరాత్రి దాటిన వారం, పొద్దుగాలనే ఊర్లకు జీపచ్చింది. వయసు పోరగాండ్లను వరుసల నిలవెడుతుండ్రని ఎవలో అన్నరు. నాకు నెత్తి పని చెయ్యలే. తాటివనంలకు ఉరికిన. రాజేశం చెట్టు మీదున్నడు. నేను గొంతు చించుకొని ఒర్రిన: "రాజేశం! ఓ రాజేశం! జీపచ్చింది రా!" వాడు మెడ తిప్పిండు. ఇగ చెప్పేదేమున్నది. కుడికాలు మోకాలి కింద ఇరిగింది, ఎడమ జబ్బ గూడు దప్పింది. జీపోళ్ళు ఏమో సర్పంచ్ ఇంటికాడ చాయ తాగి ఎల్లిపోయిండ్రట.

తొమ్మిది నెలలు ఎవలు నన్ను ఒక్క మాట అనలే. గదే నన్ను కొరుక్కతిన్నది.

మా అమ్మ మోకును, గీత కత్తిని పాత చీరెల చుట్టి అటక మీద వడేసింది. "మావోడు ఇగ ఎక్కడు, వాని వంతు చెట్లు ఇంకోలకియ్యుండ్రి" అని గీత సంఘంల చెప్పొచ్చింది. రాజేశం గూడ సరేనన్నడు. "ఇగ చెట్టు మాటెత్తనే ఎత్త" అన్నడు.

బతుకమ్మ పండుగ దాటంగనే వానికి ఏం పుట్టిందో ఏమో. మొదలు మోటబావిల దిగిండు. ఎడమచెయ్యి లేవకపోయేది, నీళ్ళల్ల ఒక్క దిక్కే గుండ్రంగ తిరుక్కుంట ఈత కొట్టేటోడు. తర్వాత సైకిల్ వట్టిండు. కుడికాలు పైడల్ మీద నిలువకపోతే గుజిని పైడల్‌కు కట్టిండు. గుజి అంటే చెట్టెక్కేటప్పుడు కాళ్ళకేసుకునే తాడు కడెం. దాంట్ల పాదం ఇరికిచ్చి తొక్కుడు వెట్టిండు. అటెన్క ఉరుకుడు. చీకట్ల లేసి కుంటుకుంట ఉరికేటోడు. ఎన్ని కిలోమీటరు రాళ్ళు ఆగకుండ దాటితే సుతిలి తాడుకు అన్ని ముడులు ఏసి మొలతాడుకు కట్టుకునేటోడు.

ఊరు ఊకుంటదా? "రాజిగాడు పోలీసుల చేరుతడట" అని ఒకలు. "కాదు, అడివికి తయారైతుండు" అని ఒకలు. రెండు మాటలు రెండు దిక్కులకు పోతే రెండు దిక్కుల నుంచి చావొస్తదని మా అమ్మ అన్నం ముట్టలే. ఏందిరా ఇది అని అడిగితే కోరుట్ల సైకిల్ షాపుల దొరికిన అచ్చుకాయితం సూపెట్టిండు. సిరిసిల్లల మిల్ట్రి నర్సయ్య అని ఒకాయన పందెం వెడుతుండట. చెరువుల ఈత, ఎమ్మటే సైకిల్, ఎమ్మటే ఉరుకుడు. నడుమ ఆగుడు లేదు. దెబ్బలు తాకినోళ్ళయితే డాక్టర్ చిట్టి తేవాలె.

"పందానికి గింత తండ్లాటా?" అన్నది అమ్మ. నన్ను అవతలికి పిలిచింది. "లచ్చవ్వా, వాని ఎంబడి పో. పందెం సూడనీకి గాదు. వాన్ని మళ్ళ ఇంటికి తోల్కరానీకి. నువ్వు పిలిస్తేనే గదా వాడు పడ్డడు. నువ్వే తోల్కరావాలె."

తొమ్మిది నెలలకు గా మాట బయటికచ్చింది. మా ఇంటాయన సరే పో అన్నడు. నేను సంచి సర్దుకున్న.

కోరుట్ల

బస్సెక్కేకాడ రాజేశం నా ఒడిల గోనెసంచి మూట వెట్టిండు. "పసుపు, అక్కా. సిరిసిల్లల ఒకాయనకియ్యాలె. ఇప్పకు. నా మీద ఒట్టు."

మా దిక్కు పసుపు పండియ్యనోడు లేడు. ఎవలింటికన్న పోతే పసుపు కట్టిచ్చుడు మాకు మామూలే. గని గా మూట బరువు పసుపు బరువు గాదు. బస్సు గుంతల వడ్డప్పుడల్లా లోపల గట్టిది ఏదో నా మోకాలుకు తాకుతున్నది. ఇనుమే. ఒట్టేసుకున్నంక ఇప్పుడెట్ల? ఇప్పకపోతే నిద్రెట్ల?

కోరుట్లల మా చిన్నమ్మ ఇల్లు. చిన్నాయిన మస్కట్ పోయి నాలుగేండ్లు. గా గల్లీల ఇండ్లన్ని గట్లనే, మొగోళ్ళ ఫోటోలు గోడకు, మొగోళ్ళు సముద్రం అవతల. మా ఊర్ల ఉత్తరం అస్తే సదివిపిచ్చుకోనీకి బడిపంతులు ఇంటికి పోవాలె. కోరుట్లల గా బాధ లేదు. చిన్నాయిన టేపురికాడల మాట్లాడి క్యాసెట్ పంపుతడు, వీళ్ళు మళ్ళ మాట్లాడి పంపుతరు. అన్నం తినుకుంట చిన్నాయిన గొంతు ఇంటుంటే మనిషి పక్క అర్రల ఉన్నట్టే ఉంటది.

నేను బస్సు దిగి, చాయ తాగి, చిన్నమ్మ కాల్చిన సర్వపిండి రెండు తుంటలు తిన్నంక గూడ రాజేశం రాలే. అచ్చేసరికి నెత్తి తడిగ ఉన్నది.

"ఏడికి పోయినవ్ రా?"

"తొవ్వల బావి కనిపిస్తే ఈత కొట్టిన అక్కా."

నెత్తి వాసన సూసిన. నాచు వాసనే. సగం నమ్మిన.

చిన్నమ్మ నమ్మలే. ఆమె నాలిక గీత కత్తి లెక్కనే ఉంటది. "అరే రాజేశం, గీ రోజులల్ల పొద్దుగాల ఉరికేటోళ్ళు మూడు తీర్ల మనుషులు. పోలీసుల చేరేటోడొకడు, అడివికి పోయేటోడొకడు, సక్కెర రోగం ఉన్నోడొకడు. నువ్వు ఎవనివి చెప్పు?"

"సక్కెర రోగమే అనుకో చిన్నమ్మా."

"అయితే సర్వపిండి ఇటు తే, చాయల సక్కెర గూడ ఎయ్య" అని గిన్నె గుంజుకున్నది. అందరం నవ్వినం. నవ్వుకుంటనే ఆమె నా దిక్కు సూసిన సూపుల నవ్వు లేదు.

పొద్దూకినంక చిన్నాయినకు క్యాసెట్ నింపినం. అందరం తలా ఒక మాట చెప్పినం. రాజేశం మైకు కాడికి ఒంగి అన్నడు, "చిన్నాయినా, నా కోసం రంది పడకు. నాకు పని దొరికింది."

ఏం పని? ఎవలిచ్చిండ్రు? ఏడ? నేను నోరు తెరిచేలోపల వాడు టేపు బందు వెట్టిండు.

జగిత్యాల తొవ్వల

తెల్లారి వాడు ముందుగాల సైకిల్ మీద పోయిండు, నేను ఎన్క బస్సుల. ఊర్లు దాటుకుంట పోతుంటే గోడలు సూసిన. గోడ మీద ఎర్రక్షరాలు, వాటి మీద సున్నం, సున్నం మీద మళ్ళ ఎర్రక్షరాలు. మా ఊర్ల ఒక్క గోడకే ఉంటుండె. గీడ అన్ని గోడలకు.

జగిత్యాల ఇంక జర దూరం ఉన్నదనంగ బస్సాపిండ్రు. పోలీసులు. ఆడోళ్ళను మొగోళ్ళను దింపి సంచులు ఇప్పిపిస్తుండ్రు. కిందికి దిగి సూద్దును గదా, రోడ్డు పక్కన నా తమ్ముడు నిలవడ్డడు. సైకిల్ పండవెట్టి ఉన్నది. హెడ్డు జవాను చేతిల గా ముడుల సుతిలి ఊగుతున్నది.

"ఏంది రా గీ ముడులు? ఎవలికి సైగ?"

"సైగ గాదు సార్. ఎన్ని రాళ్ళు దాటిన్నో లెక్క."

"లెక్క రాసుకోనీకి చేతులు లేవా?"

"రాసుకుంటే దిగాలె సార్. ముడి అయితే తొక్కుకుంట ఏసుకోవచ్చు."

"మరి కాలెందుకు కట్టుకున్నవ్? సైకిల్ నిన్ను ఇడిసి ఉరుకుతదనా?"

నేను ఆగలే. పోయి నడుమ పడ్డ. "సారూ, నా తమ్ముడు సారూ. చెట్టు మీదికెల్లి పడ్డడు. సిరిసిల్లల ఉరుకుడు పందానికి పోతుండు."

"ఇరిగిన కాలుతోని ఉరుకుడు పందెమా?" ఆయన జవాన్లందరి దిక్కు సూసిండు. "ఉరికి సూపెట్టు. గా యాపచెట్టు దాక పోయి రా."

రాజేశం ఉరికిండు. కుడికాలు సగం ఏసుకుంట, ఎడమ జబ్బ ఎత్తిపట్టి ఉరికిండు. బస్సంత సూస్తున్నది. అచ్చేసరికి హెడ్డుకు నవ్వాగలే. "పో రా పో. గీ ఉరుకుడుకు నిన్ను మేం తీసుకోం, అడివోళ్ళు తీసుకోరు." సుతిలి ఇసిరేసిండు.

అప్పుడు నా మూట కనవడ్డది ఆయనకు. "గిదేంది?"

"పసుపు సారూ."

గోనెల చెయ్యి వెట్టిండు. మణికట్టు దాక పచ్చగైంది. ఇంకింత లోపలికి పెడుదామా అన్నట్టు ఒక గడియ ఆగిండు. అంగీ చేతికి పసుపంటింది. "థూ, ఖాకీ ఖరాబైంది. కట్టు, కట్టు" అని దస్తీతోని తుడుసుకుంట పోయిండు.

నేను మూట కట్టిన. కట్టేటప్పుడు నా తమ్ముని మొఖం సూసిన. కాలు సూపెట్టినప్పుడు లేని చెమట, గా మూటల చెయ్యి వెట్టినప్పుడు పట్టింది వానికి. ఒట్టు లేకుంటే గా యాపచెట్టు కిందనే ఇప్పుదును.

జగిత్యాల

రాజేశం పడ్డప్పుడు పండవెట్టిన బొక్కల డాక్టర్ దావఖానకే పోయినం, మంది బాగున్నరు. పొద్దటికెల్లి కూసుంటే మధ్యానం దాటింది. ఎదురంగ హోటల్ల మిర్చి బజ్జీలు తిన్నం. మా ఊరి సంతల అయ్యే పైసలకు రెండొస్తయి, ఆడ ఒక్కటే, గది గూడ చిన్నది. గని చాయ మాత్రం, ఏం చెప్పాలె, మీగడతోని గరిటె నిలవడేటట్టు ఉన్నది.

వంతు రాంగనే రాజేశం ఒక్కడే లోపలికి పోయిండు. నన్ను రానియ్యలే. పరద అవతల నేను చెవి వెట్టిన. తప్పే, ఒప్పుకుంటున్న.

"ఈత కొట్టుడు జబ్బకు మంచిదైంది" అంటుండు డాక్టర్. "కాలు గూడ అతికింది. పందానికి పో, చిట్టి రాసిస్త."

నా తమ్ముడు గొంతు తగ్గిచ్చిండు. "సార్, జబ్బ మీద ఎంత బరువు మోయచ్చు? కాళ్ళ మీద ఎంతసేపు నిలవడచ్చు?"

"దేనికి?"

"పనికి సార్."

డాక్టర్ కుర్చీ జరిపిన సప్పుడైంది. తర్వాత అన్నడు, "నువ్వడిగేది నాకు తెల్సు. నేను ఒద్దంటే ఆగుతవా? పో, గని మొదటిసారి ఒంటరిగ పోకు."

పరద పట్టుకొని నిలవడ్డ. డాక్టర్‌కు గూడ తెల్సు! బరువు, తుపాకి బరువే గదా. నిలవడుడు, కాపలా నిలవడుడే గదా. బయటికచ్చినంక రాజేశం నన్ను సూసి నవ్విండు. "చిట్టిచ్చిండు అక్కా." చేతిల కాయితం ఊపుతుండు, పెండ్లి పిలగాని లెక్క.

నేను నవ్వలే. గా రాత్రి చుట్టాలింట్ల పండుకునేటప్పుడు నా కొంగు కొసను వాని సైకిల్ హ్యాండిల్‌కు ముడేసుకొని పండుకున్న. తెల్లారి మెడ వట్టేసింది, సైకిల్ మాత్రం ఏడున్నది ఆడనే ఉన్నది.

సిరిసిల్ల

సిరిసిల్లల దిగంగనే మొదలు ఇనవడేది సాంచెల సప్పుడు. సాంచెలంటే కరెంటుతోని నడిచే మగ్గాలు. టకటక టకటక, గల్లీ గల్లీకి, ఇంటింటికి. భూమి గూడ సన్నగ వణుకుతది. గందుకే గా ఊరోళ్ళు అందరు ఒర్రి మాట్లాడుతరు. మా ఊర్ల ముచ్చట చెవుల చెప్తరు, గీడ చెవుల చెప్తే ఇనవడదు. సంసారం ముచ్చట గూడ గల్లీ మొత్తం ఇంటది. నాకు ఆ ఊరు మస్తు నచ్చింది. గుసగుసలు లేని ఊర్ల అనుమానం ఎట్ల బతుకుతది అనుకున్న.

మిల్ట్రి నర్సయ్య కాక ఇంట్లనే దిగినం. మీసాలు తెల్లగైనయి గని నడుం ఒంగలే. పాతికేండ్లు సైన్యంల జేసి అచ్చి నాలుగు సాంచెలు నడుపుకుంటుండు. "పోరగాండ్లు రోజంత సాంచె కాడ నిలవడి నిలవడి కాళ్ళు ఉబ్బుతున్నయి బిడ్డా! గందుకే గీ పందెం!" అని ఒర్రిండు. "కల్లు దించే పోరడు అచ్చుడు మొదటిసారి!"

"పోలీసులు ఎవలన్న అచ్చి అడిగిండ్రా కాకా?" అన్న నేను సన్నగ.

"ఏందీ?"

"పోలీసులు..."

"ఒర్రు బిడ్డా, ఇనవడ్తలేదు!"

పోలీసు మాటను గల్లీ ఇనేటట్టు ఎవలొర్రుతరు? ఊకున్న.

పందెం

ఊరవతల చెరువు కాడ మంది జమైండ్రు. పదారుగురు పందెం కాండ్లు. చలికాలం పొద్దు, నీళ్ళ మీదికెల్లి పొగ లేస్తున్నది. నర్సయ్య కాక విజిల్ ఊదంగనే దుంకిండ్రు. నా తమ్ముడు ఈతల ఆరో మనిషిగ ఒడ్డెక్కిండు. బావిల ఒక్క దిక్కే తిరిగినోడు వీడేనా అనిపిచ్చింది. సైకిల్ కాడ జర ఆలస్యమైంది, గుజిల కాలు ఇరికిచ్చుకోవాలె గదా. ఒక పోరడు నవ్విండు, "అన్నా, సైకిల్‌ను చెట్టెక్కిస్తవా?" అని. తర్వాత ఉరుకుడు. ఉరుకుడుల ఒక్కొక్కలు దాటేసి పోయిండ్రు. షామియానా ఇప్పుతుండంగ, మిగిలినోళ్ళంత అచ్చి పావుగంట అయినంక అచ్చిండు నా తమ్ముడు. అందరి కన్న ఎన్క. గని ఆగకుండ అచ్చిండు.

నర్సయ్య కాక షామియానా ఇప్పేటోళ్ళను ఆపిండు. వాడు గీత దాటిందాక సున్నపు గీత చెరుపనియ్యలే. దాటినోళ్ళందరికీ స్టీలు గిలాస ఇచ్చిండు, వానికి గూడ.

గప్పుడు సూసిన నేను. మందిల ఒకాయన గొంగడి కప్పుకొని నిలవడ్డడు. నడిమి వయసు. పొద్దటికెల్లి ఎవలితోని మాట్లాడలే. నా తమ్ముని కాడికచ్చి జబ్బ పిసికి సూసిండు, మోకాలు ఒత్తి సూసిండు, సంతల ఎద్దును సూసినట్టు. నేను నీళ్ళు తీసుకపోయేటట్టు దగ్గరికి పోయిన. చెరువు కాడ సాంచెల సప్పుడు లేదు గదా, ఇనవడ్డది.

"రేపు పొద్దుగాల. వాగు దాటి రా. మూట మర్చిపోకు."

నన్ను సూసి మాట ఆపిండు. తల దించుకొని ఎల్లిపోయిండు.

"ఎవలు రా ఆయన?"

"తెల్సినాయన."

"ఏడ తెల్సు?"

"దావఖానల."

"తమ్మీ, నా కండ్లల్లకు సూసి చెప్పు. నువ్వు నాతోని ఇంటికత్తున్నవా లేదా?"

వాడు గిలాస తిప్పుకుంట నిలవడ్డడు. "రేపు చెప్త అక్కా."

మిమ్మల్ని నేను ఒక్కటడుగుత. రేపు చెప్తనన్న మాట గా రోజులల్ల ఎవలు నమ్మిండ్రు? రేపు చెప్తనన్నోడు రేపటికి ఉండకపోయేది.

తంగళ్ళపల్లి

తెల్లారంగ లేసి సూస్తే వాడు లేడు. మూట లేదు. సైకిల్ మాత్రం ఉన్నది. సైకిల్ ఇడిసిపోయిండంటే ఇగ రోడ్డు లేని జాగకే పోయిండు.

చెప్పులు గూడ ఏసుకోలే. వాగు దిక్కు ఉరికిన. మానేరు వాగు గా నెలల చీలమండ లోతే పారుతది. ఇసుకల వాని అడుగులు దొరికినయి, కుడి అడుగు సగమే పడ్డది. పక్కపొంటి ఇంకో మనిషి అడుగులు. మధ్య మధ్యల పచ్చగ పసుపు రాలింది. గా పసుపు ఎంబడి పోయిన. ఒడ్డెక్కితే తంగళ్ళపల్లి చేన్లు, చేన్ల గట్టు మీద వరుసగ తాటిచెట్లు.

మొదటి చెట్టు కింద గా గొంగడాయన ఉన్నడు. గోనె ఇప్పి ఉన్నది. పసుపు కుప్ప పక్కన మా అమ్మ పాత చీరె. చీరె మీద మా ఇంటి గీత కత్తి.

నా తమ్ముడు చెట్టు మీదున్నడు.

మూడు మనుషుల ఎత్తు ఎక్కిండు అప్పటికే. నడుముకు మా ఇంటి మోకు. కాళ్ళకు గుజి, సైకిల్‌కు కట్టిందే. ఎడమ జబ్బ ఎత్తి మోకును మీదికి ఎగరేస్తుండు, కుడికాలుతోని తన్నుతుండు, ఆగి ఊపిరి తీస్తుండు. జబ్బ, కాలు, ఊపిరి. ఈత, సైకిల్, ఉరుకుడు. గప్పుడు గని నాకు తెలువలే, వాడు పందెం ఏడ పెట్టుకున్నడో.

గొంతు దాక అచ్చింది పేరు. కొంగు కుక్కుకున్న నోట్ల.

గొంగడాయన నన్ను సూసిండు. సన్నగ అన్నడు, "చెల్లె, నేను ఓదెలును. గీ ఊరి గౌండ్లోన్నే. జగిత్యాల దావఖానల మీ తమ్ముని పక్క మంచం నాది. నేను గూడ పడి లేసి ఎక్కినోన్ని. మీ ఊర్ల ఎక్కితే మీ అమ్మ తట్టుకోదట, గందుకే గీడికి రమ్మన్న." అని ఏలు పెదవుల మీద పెట్టిండు.

గప్పుడే ఎన్కకెల్లి జీపు సప్పుడు.

గట్టు మీదికి జీపచ్చి ఆగింది. ఇద్దరు పోలీసులు దిగిండ్రు. ఒకాయన పసుపు కుప్పను సూసిండు, కత్తిని సూసిండు, నన్ను సూసిండు. "ఏమ్మా, కొత్త మొఖం? పైన గా మనిషెవడు? వాని పేరేంది?"

పేరడిగిండు. లోకంల ఇన్ని మాటలుండంగ గదే అడిగిండు.

నేను చేతులు జోడిచ్చిన. తల అడ్డంగ ఊపిన.

"పేరడిగితే చెప్పవ్? ఏం దాస్తున్నవ్?" గొంతు పెరుగుతున్నది ఆయనకు. మీద మోకు గీసుకపోయిన సప్పుడైంది. నా కండ్లకెల్లి నీళ్ళు కారుతున్నయి, కొంగు మాత్రం నోట్లకెల్లి తియ్యలే. రెండో ఆయన నా దిక్కు రెండడుగులేసిండు. జీపులేసినా సరే, కొట్టినా సరే అనుకున్న. తొమ్మిది నెలల కింద నోరు తెరిచిన, ఇయ్యాల తెరవ.

ఓదెలు నడుమల కూసున్నడు, మోకాళ్ళ మీద. గుసగుసగ చెప్పిండు, "సార్, మీ కాల్మొక్త, గొంతు లేపకుండ్రి. పడి లేసినోడు సార్, మళ్ళ మొదటిసారి ఎక్కుతుండు. దిగిందాక మేం పేరు తియ్యం. అది మా కట్టు."

"దిగిందాక వానికి పేరే ఉండదా?" అన్నడు ఆయన. గని గొంతు తగ్గిచ్చి అన్నడు. తలెత్తి సూసిండు. టోపీ తీసి జీపు మీద వెట్టిండు. రెండో ఆయన గూడ తలెత్తిండు. అనుమానపడేటోళ్ళు, అనుమానపడ్డోళ్ళు, నలుగురం ఒక్క మనిషి దిక్కే మెడలెత్తుకొని ఊపిరి బిగవట్టి నిలవడ్డం.

ఎంతసేపైందో. మట్టలల్ల చెయ్యి పెట్టిండు నా తమ్ముడు. మోకు బిగిచ్చి కూసున్నడు. అప్పటిదాక కిందికి సూడనోడు, గప్పుడు పైకెల్లి పిలిచిండు.

"అక్కా! ఉన్నవా? నువ్వత్తవని నాకెర్కే. ఇగ పిలువు! నా పేరు వెట్టి పిలువే!"

కొంగు తీసిన. ఓదెలు దిక్కు సూసిన. మళ్ళ అన్నడు, "పిలువు అక్కా, నేను పడనే పడ!"

"రాజేశం!" అన్న. "ఓ రాజేశం!"

వాడు మెడ తిప్పిండు. నన్ను సూసిండు. మోకు జారలే.

"పేరు తెల్సింది" అన్నడు పోలీసాయన టోపీ పెట్టుకుంట. "ఓదెలు, మేమచ్చింది కల్లు తాగనీకి. గా రాజేశాన్ని జల్ది దించుమను, డ్యూటీకి పోవాలె." ఆనాటి కల్లు లొట్టి దించినంక తాటాకు దొప్పల తాగి, మూతి తుడుసుకొని పోయిండ్రు.

మళ్ళ ఇంటికి

తిరుగు తొవ్వల రాజేశం బస్సులనే అచ్చిండు, సైకిల్ను బస్సు మీదికెక్కిచ్చి. "ముందుగాలే చెప్తే ఏమైతుండె రా?" అన్న. "చెప్తే రానిత్తువా?" అన్నడు. నిజమే. ఒకరినొకరం నమ్మి ఉంటే ఇద్దరం ఇంట్లనే ఉందుము.

అమ్మ ముంగట మూట ఇప్పింది నేనే. ఇగ దాసుడు లేదు అనుకున్న. అమ్మ మోకును ముక్కు కాడికి తీసుకపోయి వాసన సూసింది. దాని మీద కొత్త కల్లు వాసన. రెండు రోజులు మాతోని మాట్లాడలే. మూడో నాడు ఎవలికి చెప్పకుండ సంఘం పెద్దమనిషి ఇంటికి పోయి, "మావోని చెట్లు మావోనియే" అని చెప్పొచ్చింది. నా దిక్కు సూసి ఒక్కటే అన్నది: "తోల్కరమ్మంటే తోల్కచ్చినవ్."

గా స్టీలు గిలాస మా ఇంట్ల ఇప్పటికీ ఉన్నది. దాంట్లనే నేను చాయ తాగుత.

ఇగ లేవుండ్రి బిడ్డా, పొయ్యి మీద కూర మాడుతదేమో. మీ ఇంట్ల ఎత్తుకెక్కినోళ్ళు చల్లగ దిగాలె. తొవ్వ వట్టి పోయినోళ్ళు పొద్దుండంగనే గడప తొక్కాలె. మీ పిల్లల పేర్లు మీరు భయం లేకుండ గొంతెత్తి పిలవాలె, పిలిచిన ప్రతిసారి "ఓ" అని జవాబు రావాలె.